పచ్చదీపపు సాక్ష్యము చెల్లదు

విద్యుత్తుతో నడచు ఏకచక్ర వాహనమును కొనదలచిన నూతనునకు ఆ విద్యలో తలపండినవారు నేడు చేయుచున్న ఉపదేశము సంగ్రహముగా ఇట్లుండును: వేగమెంత, ఒక్క ఛార్జితో పోగల దూరమెంత, వెల యెంత అను మూడు ప్రశ్నలకు సమాధానము రాబట్టుము, ఛార్జింగు సంగతి వాహనము ఇల్లు చేరిన పిదప చూచుకొనదగిన స్వల్పవిషయము, రాత్రి పండుకొనబోవుచు ప్లగ్గు తగిలించితివా, తెల్లవారునప్పటికి ఛార్జరుమీది ఎర్రదీపము పచ్చబడియుండును, పచ్చబడినచో బ్యాటరీ నిండినది, క్షేమముగా నున్నది, పచ్చబడకున్నచో ఛార్జరు చెడినది, వేరొకటి తెప్పించుకొనుము. ఈ పాఠమును విక్రేతలు లాభాపేక్షచేతను, ఆరోహకులు అలవాటుచేతను వల్లెవేయుచుండగా, వినువారు అదియే శాస్త్రమని నమ్ముచున్నారు. ఈ మతము ఆద్యంతము దోషభూయిష్టమనియు, ఏకచక్రము విషయమున ఛార్జింగు స్వల్పవిషయము కాకపోగా సొమ్ము చెల్లించుటకు ముందే తేల్చుకొనవలసిన ప్రథమవిషయమనియు, పచ్చదీపము బ్యాటరీ క్షేమమునకు సాక్ష్యము కానేకాదనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా యంత్రస్వభావమును గుర్తింపవలెను. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రమందలి కామాస్ పట్టణమున షేన్ చెన్ అను ఆవిష్కర్త 2011 ప్రాంతమున ‘సోలోవీల్’ అను పేర దీనిని విపణికి తెచ్చినది మొదలు నేటివరకు మూలసూత్రము మారలేదు. ఒకే చక్రము; దాని నాభియందే మోటారు; ఇరుప్రక్కల పాదములుంచుటకు రెండు పలకలు; పట్టుకొనుటకు హ్యాండిలు లేదు, త్రొక్కుటకు పెడలు లేదు, విడిగా బ్రేకును లేదు. ఆరోహకుడు ముందునకు వాలగా ఆ వాలును లోపలి గైరోస్కోపు పసిగట్టును; పడబోవు వాని క్రిందికి మోటారు చక్రమును పరుగెత్తించి నిలబెట్టును. నిటారుగా నిలిచియుండుట అనునది ఇచట ఒక స్థితి కాదు. మోటారు క్షణక్షణమును చేయుచుండు పని. ఆ పనికి కావలసిన విద్యుత్తును బ్యాటరీ అడిగిన క్షణముననే, అడిగినంతయు ఈయవలెను. మోటారు సైకిలులో పెట్రోలు అయిపోయినచో బండి నెమ్మదించి దారిప్రక్కన ఆగును. విద్యుత్ స్కూటరులో బ్యాటరీ నీరసించినచో అదియు అట్లే ఆగును. ఏకచక్రమున బ్యాటరీ చేయి విడిచినచో నెమ్మదించుట అను ముచ్చటయే లేదు. ఆరోహకుడు ముఖము ముందుగా రోడ్డుమీద పడును. సూర్యభగవానుని రథమునకును చక్రమొక్కటే యందురు గాని, దానికి అలసట యెరుగని గుర్రములు ఏడున్నవి. ఛార్జరు బాధ లేదు. మానవుని ఏకచక్రమునకు ఆధారము బ్యాటరీ ఒక్కటే. దానిని పెట్రోలు ట్యాంకువలె భావించి, ‘ఎన్ని కిలోమీటర్లు వచ్చును?’ అని మాత్రమే అడుగుట ఈ లోకాభిప్రాయమునందలి మొదటి దోషము.

ఇక ఆ బ్యాటరీ ఎట్టిదో చూతము. 1991లో సోనీ సంస్థ విక్రయమునకు తెచ్చిన లిథియం అయాన్ సెల్లుల సంతతిదే ఇదియును. పెట్టె మరలు విప్పి, ప్యాకుమీది ప్లాస్టిక్ తొడుగును కోసి చూచినచో 21 మిల్లీమీటర్ల అడ్డుకొలతయు 70 మిల్లీమీటర్ల పొడవును గల గొట్టములు ఒకదానిప్రక్క నొకటి ఒరసికొని నిలిచియుండును. వాని తలలమీదుగా తళతళలాడు నికెలు పట్టీలు, ఆ పట్టీలమీద జంటజంటలుగా అతుకు చుక్కలు. ప్రతి జట్టునుండియు దారమువంటి సన్నని తీగ యొకటి బయలుదేరి, ప్యాకు అంచున నున్న చిన్న సర్క్యూటు పలకను చేరును. ఆ పలకయే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టం, వాడుకలో బీఎంఎస్. మధ్యతరగతి చక్రమొకదానిని దృష్టాంతముగా తీసికొందము. నాలుగేసి సెల్లులు సమాంతరముగా కూడి ఒక జట్టు. అట్టి జట్లు 24 వరుసగా కలియగా ప్యాకు. వెరసి 96 సెల్లులు. నిండిన సెల్లు 4.2 వోల్టులు చూపును గనుక నిండిన ప్యాకు 100.8 వోల్టులు. ఇన్‌మోషన్ కంపెనీవారి వి12 చక్రము ఈ వోల్టుల తరగతిలోనిదే. కింగ్‌సాంగ్ కంపెనీ 16ఎస్ వంటి పాతవానికి 16 జట్లు, 67.2 వోల్టులు, ఇన్‌మోషన్ వి11 వంటివానికి 20 జట్లు, 84 వోల్టులు, ఇటీవలి పెద్ద చక్రములకు 30 జట్లు, 126 వోల్టులు, అంతకు మించినవియు కలవు. సెల్లుఫోనులోను లిథియమే కదా, దానిని తలదిండు ప్రక్కన పెట్టుకొని నిద్రించుట లేదా అని పరిహసించువారు గమనింపవలసినది ఒకటున్నది: మన దృష్టాంతపు చక్రములో నిలువయుండు శక్తి 1750 వాట్ అవర్లకు దరిదాపు, అనగా ఇంచుమించు నూరు ఫోనుల బ్యాటరీలు ఒక్కచోట కట్టగట్టినట్లే.

ఇప్పుడు ఛార్జరునకు తెలిసినదేమో విచారింపుడు. దానికిని ప్యాకునకును నడుమ శక్తిని మోయునవి రెండే తీగలు. ఛార్జరు మొదట ఒకే కరెంటును ఎడతెగక పంపుచుండును. ప్యాకు మొత్తము వోల్టేజి 100.8ని సమీపింపగానే ఆ వోల్టేజిని నిలిపియుంచి, కరెంటును దానంతట దానిని తగ్గనిచ్చును. కరెంటు ఒక నియత పరిమాణముకంటె తగ్గినప్పుడు దీపమును పచ్చజేయును. పచ్చదీపమునకు గల అర్థము ఇంతే: ‘కరెంటు పోవుట ఇంచుమించు ఆగినది.’ ఎందువలన ఆగినదో దానికి తెలియదు. లోపల 24 జట్లున్నవనియు, అందొకటి జబ్బుపడినదనియు ఎరుగుటకు ఆ పరికరమునకు కన్నులు లేవు.

లెక్క కట్టి చూడుడు. 24 జట్లలో 23 ఆరోగ్యముగా నున్నవి. ఒకటి మాత్రము స్వయముగా కారిపోవు దుర్గుణము పట్టి వెనుకబడినది. ఛార్జింగు ముగియు వేళకు ఆ ఒక్క జట్టు 3.6 వోల్టులవద్దనే యున్నదనుకొందము. అనగా సగము కూడ నిండలేదు. తక్కిన 23 జట్లు తలకు 4.226 వోల్టులు చూపినచో వాని మొత్తము 97.2, దానికి ఈ 3.6 కూడగా సరిగ్గా 100.8. దీపము పచ్చబడినది. చక్రముమీది సూచిక నూటికి నూరు చూపినది. పైన పటారము, లోన లొటారము. ఆరోహకుడు సంతోషముతో శిరస్త్రాణము ధరించి బయలుదేరినాడు. దారి సగమైనను గడవకముందే ఆ దుర్బలపు జట్టు వట్టిపోవును, తక్కినవి 3.85 వద్ద నుండగా అది 2.5నకు దిగజారినను మొత్తము 91 వోల్టులు చూపును గనుక, సూచిక ఇంకను సగమునకు పైగా నిలువయున్నదని అబద్ధమాడును. అప్పుడొక ఎత్తు వచ్చినది. లేదా వెనుకనుండి వచ్చు కారునకు దారి యిచ్చుటకై వేగము పెంచవలసివచ్చినది. మోటారు ఒక్కపెట్టున కరెంటును లాగినది.

ఆ క్షణమున ఏమగును? తయారుచేసినవాని ముందు రెండు మార్గములే యున్నవి, రెండును చెడ్డవే. ఒక జట్టు ప్రమాదస్థాయికి పడిపోగానే బీఎంఎస్ విద్యుత్తును తెగగొట్టునట్లు కూర్చినచో సెల్లులు దక్కును గాని మనిషి పడును. తొలినాళ్ల చక్రములలో ఇట్టి పతనములు అనుభవములోనికి వచ్చుటచేతనే కొందరు ఆరోహకులు ఆ కత్తెరను తీగతో దాటవేసి నడిపిరి. తెగగొట్టకుండ విడిచినచో మనిషి అప్పటికి పడడు గాని, ఆ జట్టు నెత్తురు చివరిబొట్టువరకు పిండబడును. సెల్లు అట్లు అతిగా ఖాళీయైనప్పుడు లోపలి రాగి రేకు కరగి ద్రావకములో కలియును. మరల ఛార్జి చేయునప్పుడు ఆ రాగి కావలసిన చోట గాక ఇతరత్ర పేరుకొని, రెండు ధ్రువములకు నడుమ వంతెన కట్టును. ఒకనాటి రాత్రి ఆ వంతెన పూర్తియగును. పడిన పడుట, పడకున్న మండుట: ఈ సంకటమునుండి తప్పించుకొనుటకు ఉపాయమొక్కటే. ప్రతి జట్టు వోల్టేజిని ప్రయాణ కాలమున సైతము చక్రము తానే చదువుకొని, ఒకటి వెనుకబడుచున్నదని తెలియగానే కూతపెట్టి, పలకలను వెనుకకు వంచి, ఆరోహకుని మెల్లగా దింపవలెను. ఆ అంకెలను యజమానికి ఫోనులో చూపవలెను. ఇట్టి బీఎంఎస్ గల చక్రములు నేడు విపణిలో నున్నవి, లేనివియు ఉన్నవి, రెంటిని ఒకే తక్కెడలో వేసి, వేగము ఇంత, దూరము ఇంత అని తూచువారిని ఏమనవలెను?

ఛార్జింగు కుంటుపడినప్పుడు ఛార్జరును నిందించుట మరియొక ఆచారము. చక్రము నూటికి 92 పాళ్లవద్ద ఆగిపోయినది, దీపము మాత్రము పచ్చబడినది. వెంటనే క్రొత్త ఛార్జరునకు సొమ్ము పంపుదురు. అత్తమీది కోపమును దుత్తమీద చూపుట యనగా ఇదియే. ఛార్జరు దోషము ఉండరాదని నా వాదము కాదు. కొన్ని ఛార్జర్ల వోల్టేజి కాలక్రమమున దిగజారుట కలదు. కాని అది తేల్చుటకు మల్టీమీటరుతో ఒక నిమిషము చాలును: 100.8 ఈయవలసిన ఛార్జరు 98 మాత్రమే యిచ్చుచున్నచో దోషము దానిది. ఛార్జరు సరిగ్గా 100.8 చూపుచుండగా చక్రము నిండకున్నచో, లోపల ఏదో యొక జట్టు ఇతరులకంటె ముందుగా పైహద్దును తాకి, బీఎంఎస్ చేత ద్వారము మూయించినదని గ్రహింపవలెను. అట్టి చక్రమునకు క్రొత్త ఛార్జరు తెచ్చుట వృథాయే గాక, వోల్టేజి కాస్త ఎక్కువ చేసినచో నిండునేమో అని లోపలి మరను త్రిప్పు సాహసికుల చేతిలో అది మారణసాధనమగును.

ఇంతకంటె మాయావియైన లక్షణము మరొకటి యున్నది. దానిని జనులు దోషమని గుర్తింపక వరముగా భావింతురు. పెద్ద చక్రములలో బ్యాటరీ ఒకే ప్యాకుగా ఉండదు. రెండో, నాలుగో ప్యాకులు సమాంతరముగా కలుపబడియుండును. అందొకదాని కనెక్టరు అదురునకు ఊడినను, లోపలి ఫ్యూజు పోయినను, వోల్టేజి యథాప్రకారమే యుండును. దీపము యథాప్రకారమే పచ్చబడును. పైగా రెండు ప్యాకుల చక్రములో ఎనిమిది గంటలు పట్టు ఛార్జింగు నాలుగు గంటలకే ముగియును! ఆరోహకుడు తన చక్రము చురుకైనదని మురిసిపోవును. నిజమునకు సగము బ్యాటరీ లేదు. ఉన్న సగము రెండింతల భారమును మోయుచున్నది. గట్టిగా వాలిన మొదటి తరుణమున వోల్టేజి కుప్పగూలును. ఛార్జింగునకు పట్టు కాలము హఠాత్తుగా తగ్గుట శుభశకునము కాదు, ఆ పూట చక్రమును ఎక్కరాదు.

‘రాత్రియెల్ల ప్లగ్గుననే యుంచుము, జట్లన్నియు సమానమగును’ అను ఉపదేశమునందు అర్ధసత్యము కలదు గనుక అది పూర్తి అసత్యముకంటె ప్రమాదకరము. బీఎంఎస్ జట్లను సమానము చేయు మాట నిజమే. ఎక్కువ నిండిన జట్లనుండి చిన్న రెసిస్టర్లద్వారా కొంచెము కొంచెముగా విద్యుత్తును వేడిగా మార్చి పారబోయును. ఆ పారబోత సాధారణముగా కొన్ని పదుల మిల్లీఆంపియర్లకు మించదు. మన దృష్టాంతములో జట్టు సామర్థ్యము 20 ఆంపియర్ అవర్లు. ఒక జట్టు నూటికి ఐదు పాళ్లు, అనగా ఒక ఆంపియర్ అవరు వెనుకబడియున్నచో, 50 మిల్లీఆంపియర్ల చొప్పున దానిని సరిచేయుటకు 20 గంటలు పట్టును. ఒక రాత్రి చాలదు. వారము గడచునప్పటికి ఆ జట్టు మరల వెనుకబడినచో అది అసమానత కాదు, వ్యాధి. ఎన్ని రాత్రులు ప్లగ్గునకు కట్టివేసినను వ్యాధి కుదురదు. వ్యాధిగ్రస్తమైన ప్యాకును ఇంటిల్లిపాదియు నిద్రించు వేళ ఛార్జింగునకు పెట్టుటయే సమానీకరణమను పేర చెల్లుబాటగుచున్నది.

దాని ఫలమెట్టిదో న్యూయార్కు నగరమును చూచి నేర్చుకొనవచ్చును. అచటి అగ్నిమాపక శాఖ లెక్కప్రకారము 2023లో లిథియం అయాన్ బ్యాటరీలవలన 268 అగ్నిప్రమాదములు సంభవించి 18 మంది మరణించిరి. వీనిలో అధికభాగము సైకిళ్లు, స్కూటర్లకు సంబంధించినవే గాని ఏకచక్రపు సెల్లులు వేరొక లోహముతో చేసినవి కావు. ఎవరును చూడకుండగాని, నిద్రించునప్పుడుగాని ఛార్జి చేయరాదనియు, బయటికి పోవు ద్వారమునకు అడ్డముగా పెట్టరాదనియు ఆ శాఖవారు పలుమారులు చెప్పుచున్నారు. మన తెలుగునాట 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదున నొకరు, విజయవాడలో నొకరు ఇంటిలో ఛార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీలు ప్రేలి ప్రాణములు కోల్పోయిరి. ఒకచోట నడిగదిలో, ఒకచోట పడకగదిలో. ఛార్జింగు స్వల్పవిషయమని పలుకు నాలుకలు ఈ రెండిండ్లముందు నిలిచి ఆ మాట అనగలవా?

మరి కొందరు కలరు, వీరు చదువుకొన్నవారు. లిథియము సెల్లును నూటికి ఎనుబదికి మించి నింపనిచో చిరకాలము బ్రతుకునని ఎచటనో విని, దానిని వేదవాక్యముగా పాటింతురు. సెల్లు ఆయుర్దాయము విషయమున వారు చెప్పునది తప్పు కాదు. కాని పెక్కు బీఎంఎస్‌లు పైహద్దును సమీపించినప్పుడు గాని సమానీకరణమునకు పూనుకొనవు. ఎన్నడును ఎనుబది దాటని చక్రములో జట్ల నడుమ అంతరము నెలనెలకు పెరుగుచునేయుండును. అప్పుడప్పుడు పగటివేళ, ఎదుట కూర్చుండి, పూర్తిగా నింపవలెను. అట్లని శాన్ ఫ్రాన్సిస్కోవంటి నగరమున కొండమీద నివసించువాడు నిండు బ్యాటరీతో వాకిటనే పల్లమునకు దిగరాదు. బ్రేకు వేయునప్పుడు మోటారు పుట్టించు విద్యుత్తునకు నిండిన బ్యాటరీలో చోటుండదు, వోల్టేజి హద్దు మీరును, చక్రము మొరాయించును. నీరు గడ్డకట్టు చలిలో బయటినుండి తెచ్చిన చక్రమును వెంటనే ఛార్జి చేయరాదు. ఆ స్థితిలో లిథియము లోపలికి ఇంకక లోహమై పైన పేరుకొనును. ఊరిని బట్టి, ఋతువును బట్టి, బీఎంఎస్ నడవడిని బట్టి మారవలసిన నియమమును ఒక్క అంకెలో బిగించుట సులభమే గాని శాస్త్రము కాదు.

ఇక కొనుగోలు ప్రసంగము. వారంటీ యున్నది గదా, భయమేల అందురు. ఈ చక్రములు అధికభాగము చైనాదేశమున షెన్‌జెన్, డోంగ్వాన్ పరిసరములలో తయారగుచున్నవి. చెడిన లిథియము బ్యాటరీని విమానమున పంపుట అంతర్జాతీయ నియమములచేత నిషిద్ధము. అట్టియెడ ‘బ్యాటరీ చెడినచో మాకు పంపుడు, మార్చి యిత్తుము’ అను మాటలో మొదటి సగము ఎట్లు నెరవేరునో విక్రేతయే చెప్పవలెను. మీ ఊరికి చేరదగిన దూరమున ప్యాకును విప్పి, జట్టు జట్టును కొలిచి, మార్చగల మనిషి యున్నాడా? ప్రత్యామ్నాయ ప్యాకు అచట నిలువయున్నదా? ఈ రెంటికిని ‘ఔను’ అను సమాధానము రాని వారంటీ కాగితము, కాగితము మాత్రమే. అమెరికాలో కొని హైదరాబాదునకు వెంటతెచ్చుకొందమని ఊహించు మనవారికి ఒక మాట: విమానప్రయాణికుడు సంస్థ అనుమతితో కొనిపోగల బ్యాటరీకి పరిమితి 160 వాట్ అవర్లు, మనము మాటలాడుచున్నది దానికి పదిరెట్లకు మించినది.

మారుబేరపు చక్రముల విషయమున మోసము ఇంకను సులభము. ‘మూడువేల కిలోమీటర్లే తిరిగినది, క్రొత్తదానితో సమానము’ అని అమ్మువాడు చూపు అంకె బ్యాటరీ వయస్సును చెప్పదు. రెండేండ్లు గిడ్డంగిలోనో, అటకమీదనో ఖాళీగా పడియున్న ప్యాకుకంటె అనుదినము తిరుగుచు శ్రద్ధగా నింపబడిన ప్యాకు మేలు. వానలో తడిసిన చక్రము మరింత అనుమానాస్పదము. ప్యాకులో చేరిన తేమ ఆ సన్నని తీగల మొదళ్లను నెలల తరబడి కొరుకుచుండును. ఛార్జింగు ప్లగ్గుల సంగతి విడిగా చెప్పక తప్పదు: ఒకే రూపము గల గుండ్రని మరచుట్టు ప్లగ్గును వేర్వేరు కంపెనీలు వేర్వేరు వోల్టేజిలకు, వేర్వేరు ధ్రువక్రమములతో వాడుచున్నవి. ప్లగ్గు పట్టినదంటే సరిపోయినట్లు కాదు. 84 వోల్టుల చక్రమునకు 100.8 వోల్టుల ఛార్జరును అమాయకముగా తగిలించి, బీఎంఎస్ దయమీద బ్రతికి బయటపడినవారు ఉండవచ్చును. ఆ దయను పరీక్షించుట వివేకము కాదు.

సర్టిఫికేటు ముద్ర చూచి కొనుట మేలు కాదా అని అడుగుదురు. మేలే. అదే షేన్ చెన్ ఆలోచనలలో పుట్టి లోకమును ముంచెత్తిన హోవర్‌బోర్డులు కాలిపోవుచుండగా, అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘము 2016 జులైలో 5 లక్షలకు పైగా బోర్డులను వెనుకకు రప్పించినది. ఆ ఏడే యూఎల్ 2272 అను ప్రమాణము వెలువడినది. న్యూయార్కు నగరము 2023 సెప్టెంబరునుండి ఇట్టి ప్రమాణములు లేని సరకును అమ్మరాదని శాసించినది. చేతులు కాలిన పిదప పట్టుకొన్న ఆకులే యైనను ఆకులు ఆకులే. అయినను ఒక భేదము మరువరాదు: ముద్ర వేసినవారు పరీక్షించినది కర్మాగారమునుండి వెలువడిన నూతన నమూనాను, మూడు వర్షాకాలములు చూచిన మీ ప్యాకును కాదు. దాని ఆరోగ్యమును మీరే చూచుకొనవలెను, చూచుటకు వీలు కల్పించిన చక్రమునే కొనవలెను.

జట్టుజట్టునకు వోల్టేజి చూపు బీఎంఎస్ కోరినచో వెల పెరుగునని ఒక ఆక్షేపణ. ఆ పలక ఖరీదు ప్యాకు ఖరీదులో స్వల్పాంశము. ఒక దంతవైద్యుని బిల్లు ముందర అది నిలువదు. అదియుగాక కొందరు తయారీదారులు ఇప్పటికే దానిని అమర్చి అమ్ముచుండగా, తక్కినవారికి అసాధ్యమనుట వినదగిన మాట కాదు. రౌతు మెత్తనైనచో గుర్రము మూడు కాళ్లమీద నడచునని మన పెద్దలన్నది ఈ కొనుగోలుదారులకు చక్కగా చెల్లును. పరీక్షలు ముగియకమునుపే మొదటి విడతకు సొమ్ము కట్టి, గంటకు ఎన్ని కిలోమీటర్లని మాత్రమే అడుగు కొనుగోలుదారులుండగా, తయారీదారు వేగమునే పెంచును, బ్యాటరీ నేల చూచును?

ఈ ఉపేక్షకు దండన తప్పుచేసినవారికే గాక అందరికిని పడుచున్నది. 2021 నవంబరు మొదటి తేదీన లండనులోని పార్సన్స్ గ్రీన్ వద్ద భూగర్భ రైలులో మండినది ఒక స్కూటరు. డిసెంబరు 13నుండి ఆ నగర రవాణా సంస్థ తన రైళ్లలోను బస్సులలోను నిషేధించినది స్కూటర్లను, వానితో కూడ ఏకచక్రములను. అన్యాయమని ఆరోహకులు వాపోయిరి. ప్రతి వాహనమును విడివిడిగా పరీక్షించు ఉపాయము లేని సంస్థ అన్నిటిని కలిపి బహిష్కరించుటలో ఆశ్చర్యమేమి? ఛార్జింగు స్వల్పవిషయమని తామే చాటుచు, మమ్ము నమ్ముమని పరులను కోరుట ఏమి న్యాయము? నిషేధమును నేను సమర్థింపను. ఏకచక్రము ముచ్చటైన వాహనమే, ఇరుకు నగరములలో ఉపకారియే. దానికి పగవారు అధికారులు కారు; పచ్చదీపమును చూచి నిద్రపోవు మిత్రులు.

కావున చదువరీ, నీవు ఏకచక్రమును కొనబోవువాడవైనచో వేగము మాట వెనుకకు నెట్టుము. విక్రేత యెదుట చక్రమును పూర్తిగా నింపించి, ఫోనులో ఒక్కొక్క జట్టు వోల్టేజిని చూపుమని అడుగుము. పిదప సగమునకు పైగా ఖాళీయగువరకు నడిపించి, అవే అంకెలను మరల చూపుమనుము. రెండుమారులును జట్లన్నియు ఒకదానికొకటి సెంటీవోల్టుల దూరములోనే యున్నచో బేరమాడుము. ఒకటి విడివడి కనబడినచో వెల ఎంత తగ్గించినను వలదు. ఆ అంకెలు చూపు సాధనమే తన చక్రములో లేదని విక్రేత చెప్పినచో, అతడు సత్యవంతుడని మెచ్చుకొని, సొమ్ము జేబులోనే యుంచుకొని బయటికి నడువుము.